అర కిలోమీటరులోపే చావాలని మావాళ్లకు ఎవరూ చెప్పలేదండి

గౌరవనీయులైన మంత్రి గారికి నమస్కారాలతో,

ఇది నేను పెడుతున్న ఆరో కాగితం. మొదటి ఐదూ మా ఘాట్ దారి ప్రమాదాల గురించి పెట్టిన సోమవారం అర్జీలు. అన్నిటికీ రసీదులున్నాయి. నాలుగింటికి ఫోన్‌లో మెసేజ్ కూడా వచ్చింది, "మీ అర్జీ పరిష్కరించబడింది" అని. ఏం పరిష్కారమైందో చూద్దామని మెసేజ్ వచ్చిన ప్రతిసారీ మలుపు దాకా నడిచి వెళ్లాను. పిట్టగోడ లేదు, బోర్డు లేదు. పోయినేడు వానకు తెగిన రోడ్డు అంచు ఇంకో అడుగు లోపలికి తెగింది, అంతే.

ఐదోదానికి మాత్రం కాగితం మీద జవాబొచ్చింది. "సదరు స్థలం బ్లాక్‌స్పాట్ నిర్వచనంలోకి రాదు. గత మూడేళ్ల ప్రమాదాల వివరాలు ఎఫ్.ఐ.ఆర్. నంబర్లతో జతపరచగలరు." దాని గురించే ఈ ఉత్తరం.

బ్లాక్‌స్పాట్ అంటే తరచూ ప్రమాదాలు జరిగే చోటు. దాని నిర్వచనం మీకు తెలియనిది కాదు. అయిదు వందల మీటర్ల ముక్కలో మూడేళ్లలో అయిదు పెద్ద ప్రమాదాలు జరగాలి, లేదా పదిమంది చనిపోవాలి. అదైనా జాతీయ రహదారికి రాసుకున్న లెక్క. మాది చింతపల్లి అవతల, సంతకు దిగే తొమ్మిది కిలోమీటర్ల ఘాట్ దారి. ఎదురుగా జీపొస్తే ఒకరు వెనక్కి వెళ్లాల్సిందే. మావాళ్లలో ఇద్దరు పైమలుపులో పోయారు, ముగ్గురు గెడ్డ (కొండవాగు) చప్టా దగ్గర, ఒకడు మామిడిచెట్టు దిగువన, ఇంకో అమ్మాయి ఊరి మొదట్లోనే. అందరూ కలిసి ఒక్క అర కిలోమీటరులో చావాలని వాళ్లకెవరూ చెప్పలేదండి. చెప్పి ఉంటే ఎలాగోలా సర్దుకునేవాళ్లేమో. కోపంలో రాస్తున్నాను, మన్నించాలి.

ఇక ఎఫ్.ఐ.ఆర్. నా నోటుబుక్కులో ఏడుగురున్నారు, పేరు, తేదీ, చోటు అన్నీ రాసి ఉన్నాయి. పోలీసు లెక్కలో ఉన్నది ఒక్కడే. అతని బండికి ఇన్సూరెన్సు ఉంది కాబట్టి వాళ్ల బావమరిది పట్టుబట్టి కేసు రాయించాడు. మిగతా ఆరుగురి సంగతి ఎందుకు ఎక్కలేదని అడుగుతారేమో. స్టేషన్ చాలా దూరం. కేసు పెడితే శవాన్ని పోస్టుమార్టానికి కొండ దింపాలి, మళ్లీ ఎక్కించాలి, రెండు వైపులా జీపు కిరాయి మనదే. ఆ జీపు తోలినవాడేమో పక్క గూడెం అబ్బాయి, వరసకు అల్లుడు. లైసెన్సు ఉండదు. పెద్దలు చెట్టుకింద కూర్చుని మాట్లాడుకుంటారు, సాయంత్రానికి మట్టి చేసేస్తారు. స్టేషన్‌లో ఈ-డార్ అనే ప్రమాదాల ఆన్‌లైన్ రికార్డులోకి ఎక్కితేనే మీ దగ్గర అది ప్రమాదం. ఎక్కకపోతే, అసలు జరగలేదు.

పోయినేడు శ్రావణంలో సంత నుంచి పసుపు అమ్ముకుని వస్తున్న జీపు చప్టా దగ్గర పడింది. నేను ఆ రోజు అక్కడున్నాను. పైన కూర్చున్నవాళ్లు ఎగిరి గెడ్డలో పడ్డారు. ఒక ముసలామె కాలు విరిగింది. కర్రకు దుప్పటి కట్టి డోలీలో మోసి, తారురోడ్డు దగ్గరికి తెచ్చేసరికి చీకటి పడింది. 108 ఉందిగానీ అది వచ్చే చోటికి మేమే వెళ్లాలి. గాయపడినవారిని గోల్డెన్ అవర్‌లో ఆసుపత్రికి చేర్చినవారికి రాహ్‌వీర్ పథకం కింద 25,000 రూపాయలు ఇస్తారట కదా. మా డోలీ మోసిన నలుగురికీ ఆ గంట గెడ్డ దాటడానికే సరిపోయింది. వాళ్లు బహుమతి అడగలేదు. నేనే అడిగి, నవ్వించుకుని వచ్చాను.

2021 ఫిబ్రవరిలో అనంతగిరి ఘాట్‌లో డముకు దగ్గర హైదరాబాద్ నుంచి వచ్చిన పర్యాటకుల బస్సు లోయలో పడి నలుగురు చనిపోయారు. పాపం, వాళ్లవీ ప్రాణాలే. కానీ ఆ రాత్రి నుంచి టీవీలో అదే. మా చప్టా దగ్గరికి ఇప్పటిదాకా వచ్చిన పెద్ద కెమెరా నా ఫోనే.

సరే, రోడ్డు బాగుచేసే నిధులకు అర్హత తెచ్చుకుందామనే కూర్చున్నాం. ఫారం చూస్తే డీపీఆర్ (పనికి పూర్తి ప్రాజెక్టు నివేదిక) కావాలి, వాహనాల లెక్కింపు కావాలి, జియోట్యాగ్ ఫొటోలు కావాలి. సిగ్నల్ లేని చోట జియోట్యాగ్ కోసం సర్పంచ్ గారు రెండుసార్లు కొండెక్కి దిగారు. పట్నంలో మున్సిపాలిటీకి ఇంజినీరుంటాడు, కన్సల్టెంటుంటాడు. మాకున్నది రెండు పంచాయతీలు చూసుకునే ఒక సెక్రటరీ, రిటైరైన నేను. డీపీఆర్ రాసే చేయి ఎవరిదైతే నిధులు వాళ్లకే వెళ్తున్నాయి. ఎక్కువ మంది పోయిన రోడ్డుకు వెళ్తున్నాయని నాకైతే అనిపించడం లేదు.

గిరిజన ప్రాంతాల్లో గ్రామసభకు అధికారాలిచ్చే పీసా చట్టం 1996 నుంచీ ఉంది. చిన్న తరహా ఖనిజాల లీజుకు మా సభ మాట కావాలంటారు. అదే సభ ఏడుగురు ఫలానా చోట ఫలానా రోజు చనిపోయారని తీర్మానం చేసి వేలిముద్రలు వేసి ఇస్తే మాత్రం "ఇది రికార్డు కాదు" అంటారు. ఇదెక్కడి న్యాయమో మీరే చెప్పాలి.

మేమడిగేది నాలుగు లేన్ల రోడ్డు కాదు. గ్రామసభ రిజిస్టరును చావుల లెక్కగా తీసుకోండి. ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థలో) ఒక్క ఇంజినీరును మాలాంటి ఊళ్ల ప్రతిపాదనలు రాయడానికే కేటాయించండి. అదీ కుదరకపోతే ఒక్క మనిషిని పంపండి, ఒక్క రోజు, సంత రోజున, జీపు పైన కూర్చోబెట్టి తీసుకొస్తాం. అదీ కాదంటే చప్టాకు రెండువైపులా పిట్టగోడ, మలుపులో ఒక గుండ్రటి అద్దం. అద్దమైనా ఇప్పించండి సార్. దానికి కూడా డీపీఆర్ కావాలంటే చెప్పండి, నేర్చుకుని రాస్తాను. ఈ వయసులో కొత్తగా నేర్చుకోవడం నాకు కష్టమేమీ కాదు, పిల్లలకు నేర్పినవాణ్ణి.

మళ్లీ వానలు రాకముందే ఏదో ఒకటి చేయండి. వచ్చే సోమవారం ఏడో అర్జీ తెస్తున్నాను, నోటుబుక్కు జెరాక్సు జతచేసి. చేసినా చేయకపోయినా, దయచేసి ఈసారి పరిష్కరించబడిందని మాత్రం మెసేజ్ పెట్టించకండి. ఆ మలుపు దాకా నడవడానికి నా మోకాళ్లు సహకరించడం లేదు.

ఇట్లు,
అర్జీలు రాసిపెట్టే ఒక రిటైర్డ్ మాస్టారు,
అల్లూరి సీతారామరాజు జిల్లా