ప్రీ ఫైనల్‌లో లెక్కలు తప్పినవాళ్ల ఇళ్లకు

పదో తరగతి పిల్లల తల్లిదండ్రులకు నమస్కారం.

ప్రీ ఫైనల్ మార్కులు ఈపాటికి మీకు చేరి ఉంటాయి. లెక్కల్లో పాస్ మార్కు 35 అందుకోనివాళ్లు కొందరున్నారు, సైన్సులో మరికొందరు. ఈ నెల వార్తాలేఖలో మిగతా కబుర్లన్నీ పక్కనపెట్టి ఈ ఒక్క సంగతే రాస్తున్నాం. పబ్లిక్ పరీక్షలకు ఇంకా నాలుగు వారాలుంది. ఇరవైల్లో ఉన్న మార్కును 35 దాటించడానికి ఆ టైము చాలు. మొదటి పాఠం మొదటి లెక్క నుంచి మళ్లీ మొదలుపెడితే మాత్రం చాలదు.

మార్కుల కాగితం మీద సంతకం పెట్టేముందు జవాబుపత్రం తెప్పించుకోండి. అడిగితే క్లాస్ టీచరు ఇంటికి పంపుతారు. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని పేజీలు తిప్పండి. పోయిన ప్రతి మార్కు దగ్గరా పెన్సిలుతో కారణం రాయించండి: అసలు ముట్టుకోలేదా, తెలిసీ తప్పు చేశారా, బొత్తిగా రాదా. ఇరవైల్లో ఆగిపోయిన పేపర్లలో ముట్టుకోకుండా వదిలేసిన ప్రశ్నలే ఎక్కువగా కనిపిస్తాయి. ఎనిమిది మార్కుల లెక్క దగ్గర అరగంట ఇరుక్కుపోయి, చివర్లో రెండు మార్కుల ప్రశ్నలు నాలుగు వదిలేసి వస్తారు. వచ్చిన లెక్కలు రాయక పోయిన మార్కులవి. ముందు వాటినే రాబట్టాలి.

మన ఆంధ్రప్రదేశ్‌లో లెక్కల పేపరు ఎలా ఉంటుందో చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. మొత్తం 33 ప్రశ్నలు, 100 మార్కులు. ఒక మార్కువి 12, రెండు మార్కులవి 8, నాలుగు మార్కులవి 8, ఎనిమిది మార్కులవి 5. ఆ అయిదింటిలో ప్రతిదానికీ ఇది లేదా అది అన్న ఎంపిక ఉంటుంది. సమయం మూడుంపావు గంటలు, అందులో మొదటి 15 నిమిషాలు పేపరు చదువుకోవడానికి. ప్రీ ఫైనల్‌లో 22 వచ్చినవాళ్లకు కావలసింది ఇంకో 13 మార్కులే. అయినా గురి 45 మీద పెట్టమంటాం. 36 కోసం చదివితే పరీక్షరోజు ఒక్క లెక్క తడబడినా 33 దగ్గర ఆగిపోతారు. ఆ 45 ఇలా వస్తుంది: ఒక మార్కువాటిలో 8, రెండు మార్కులవాటిలో 10, నాలుగు మార్కుల లెక్కలు మూడు చేస్తే 12, ఎనిమిది మార్కులవి రెండు రాస్తే అటూ ఇటూగా 15.

దీనికి 14 పాఠాలూ అక్కర్లేదు. వాస్తవ సంఖ్యలు, రేఖీయ సమీకరణాల జత, అంకశ్రేఢులు, నిరూపక జ్యామితి, సాంఖ్యక శాస్త్రం, సంభావ్యత: ఈ ఆరు గట్టిగా పట్టుకోవాలి. త్రికోణమితిలో 0, 30, 45, 60, 90 డిగ్రీల విలువల పట్టిక ఒక్కటి కంఠతా రావాలి. నిరూపణలు ఈ నాలుగు వారాలూ వదిలేయండి. సగం సిలబస్ వదిలేయమని బడివాళ్లే చెబుతున్నారేమిటని అనుకోవచ్చు. పాస్ కావడం దగ్గరే ప్రశ్న ఉన్నవాళ్లకు మాత్రమే ఈ మాట. డెబ్బైలు, ఎనభైలు వచ్చేవాళ్లు ఈ దారి పట్టకూడదు.

పిల్లలు స్టాటిస్టిక్స్ అనే సాంఖ్యక శాస్త్రంతో మొదలుపెట్టించండి. అందులో అంకెలు మారతాయి గానీ చేసే పద్ధతి మారదు. తప్పు జరిగే చోటు కూడా ప్రతిసారీ ఒకటే. మధ్యగతం (మీడియన్) కట్టేటప్పుడు తరగతిని, అంటే 10-20 లాంటి అంకెల విభాగాన్ని, సరిగ్గానే గుర్తుపడతారు. సూత్రంలో మాత్రం దాని ముందు తరగతి సంచిత పౌనఃపున్యం, అంటే అక్కడివరకూ కూడుకుంటూ వచ్చిన మొత్తం, వేయాల్సిన చోట అదే తరగతిది వేసేస్తారు. అక్కణ్ణుంచి కిందికంతా తప్పే. ముందు తరగతి అంకె చుట్టూ పెన్సిలుతో గుండ్రంగా గీసుకునే అలవాటు చేయిస్తే ఈ పొరపాటు ఆగిపోతుంది. బాహుళకంలో (మోడ్) ముందు, వెనక తరగతుల పౌనఃపున్యాలు తారుమారవుతాయి. దానికీ ఇదే మందు.

రేఖీయ సమీకరణాల గ్రాఫు చేతికందే మార్కులు. ఒక్కో సరళరేఖకు మూడు బిందువులు పట్టికలో వేయాలి. రెండు చాలుగా అంటారు పిల్లలు. గీత గీయడానికి రెండు చాలు. లెక్క తప్పిందని చెప్పేది మాత్రం మూడోదే, అది గీత మీద పడదు కాబట్టి. అక్షాల పేర్లు, స్కేలు రాయాలి. ఖండన బిందువు, అంటే రెండు గీతలూ కలిసే చోటు, విలువలను రెండు సమీకరణాల్లోనూ వేసి సరిచూడాలి. గ్రాఫు కాగితాన్ని జవాబుపత్రానికి కట్టడం మరిచిపోకూడదు. నవ్వొచ్చే సంగతే, కానీ జరుగుతుంది.

సంభావ్యతలో రెండు పాచికలకు 36 పర్యవసానాలు, పేకముక్కలు 52, బొమ్మ ముక్కలు 12. ఆసులు కూడా కలిపి 16 అని రాసేవాళ్లున్నారు. పేక తెలియని పిల్లలకు ఇంట్లో ఒకసారి కట్ట విప్పి చూపించండి, తప్పేం లేదు. అంకశ్రేఢుల్లో 10, 7, 4 అని తగ్గుతూ పోయేటప్పుడు సామాన్య భేదం, అంటే ఒక అంకె నుంచి తర్వాతిదానికి వచ్చే తేడా, మైనస్ 3. మైనస్ మరిచారంటే లెక్క అంతా పోయినట్టే.

జవాబు సరిగ్గా వచ్చినా మధ్యలో ఏమీ రాయకపోతే పూర్తి మార్కులు రావు. జవాబు తప్పినా సూత్రం రాసి, విలువలు వేసి ఉంటే కొన్ని మార్కులు పడతాయి. కాబట్టి రాదనుకున్న ప్రశ్నకైనా ఇచ్చిన దత్తాంశం, సూత్రం రాసి రమ్మనండి.

లెక్కలకు రోజుకు గంటన్నర మించి వద్దు. మించితే మిగతా సబ్జెక్టులు కిందికి జారతాయి. సాయంత్రం ఒక రకం లెక్క ఎంచుకుని, ఉదాహరణ చూశాక పుస్తకం మూసి నాలుగు లెక్కలు చేయాలి. పొద్దున్నే వాటిలో రెండు మళ్లీ చేయాలి. పుస్తకం తెరిచి పెట్టుకుని ఎక్కించినవి ఎన్ని పేజీలున్నా లెక్కలోకి రావు. ఆదివారం ఉదయం 9:30 నుంచి 12:45 వరకు, అసలు పరీక్ష టైములోనే, ఒక మోడల్ పేపరు పూర్తిగా రాయించండి.

సైన్సు గురించి కొంచెమే. భౌతిక రసాయన శాస్త్రం 50, జీవశాస్త్రం 50, వేర్వేరు రోజుల్లో రెండేసి గంటల పరీక్షలు. రెండూ కలిపి 35 వస్తే పాస్. ఒకదాంట్లో 11, రెండోదాంట్లో 24 వచ్చినా గట్టెక్కినట్టే. బలహీనంగా ఉన్నవాళ్లకు జీవశాస్త్రం బొమ్మలు ఆసరా: గుండె, నెఫ్రాన్ (మూత్రపిండంలో వడపోసే భాగం), మెదడు, పువ్వు నిలువుకోత. బొమ్మ వేసి భాగాలు గుర్తించకపోతే సగం శ్రమ వృథా. ద్వితీయ భాష హిందీకి 20 వస్తే చాలు, దాని గురించి బెంగ వద్దు.

ఇప్పుడు కొత్త ట్యూషన్ పెట్టించకండి, కొత్త గైడు కొనకండి. కొత్త మాస్టారు తన నోట్సుతో తన వరసలో మొదలుపెడతారు, అది ఒక దారికి వచ్చేసరికే పరీక్షలు వచ్చేస్తాయి. రాత్రి పదిన్నరకల్లా పడుకోనివ్వండి. పెదనాన్నగారి అబ్బాయికి ఎన్నొచ్చాయన్న ప్రస్తావన తేవద్దు. ఫెయిలైతే పనికి పంపేస్తాం, పెళ్లి చేసేస్తాం అని బెదిరించొద్దు. కోపంలో అన్నదైనా ఆ మాట పిల్లల్లో ఉండిపోతుంది. అన్నం తినకపోయినా, నిద్ర పట్టకపోయినా, చావు మాట ఎత్తినా ఆ రోజే మాకు చెప్పండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే టెలిమానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయవచ్చు. డబ్బు తీసుకోరు, తెలుగులో మాట్లాడతారు.

అన్నీ చేసినా తప్పితే? 2025లో మన రాష్ట్రంలో 81.14 శాతం మంది పాసయ్యారు, అంటే అయిదుగురిలో ఒకరికి దగ్గరగా తప్పారు. ఆ ఏడాది ఫలితాలు ఏప్రిల్ 23న వచ్చాయి, తప్పినవాళ్లు మళ్లీ రాసే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ మే 19న మొదలైంది. తప్పిన సబ్జెక్టులే రాస్తే చాలు, పాసైతే అదే ఏడాది ఇంటర్లో చేరవచ్చు. ట్రిపుల్ ఐటీ సీటుకు మాత్రం మొదటిసారే పాసై ఉండాలి, అది దాచడం లేదు. ఫీజు కట్టడానికి గడువు చాలా తక్కువ రోజులే ఇస్తారు, ఫలితాల వారంలో ఊళ్లకు ప్రయాణాలు పెట్టుకోకండి. 2025లో రీకౌంటింగుకు (మార్కులు మళ్లీ కూడటానికి) సబ్జెక్టుకు 500 రూపాయలు, రీవెరిఫికేషనుకు (జవాబుపత్రం మళ్లీ పరిశీలించడానికి) 1000 తీసుకున్నారు. రెండింటిలోనూ దిద్దిన జవాబును మళ్లీ దిద్దరు. కూడిక తప్పినా, ఏదైనా జవాబు దిద్దకుండా వదిలేసినా సరిచేస్తారు, అంతే. ఒకటి రెండు మార్కుల్లో పోయినవాళ్లు దరఖాస్తు చేయండి. ఫలితం కోసం ఎదురుచూస్తూ సప్లిమెంటరీ ఫీజు మాత్రం మానేయకండి.

ఈ శనివారం మధ్యాహ్నం 2 నుంచి 5 వరకు లెక్కల టీచర్లు, సైన్సు టీచర్లు స్టాఫ్ రూములో ఉంటారు. పిల్లల్ని కూడా వెంటబెట్టుకుని రండి.

ప్రధానోపాధ్యాయులు