రాత్రి డ్యూటీలో నర్సు ఎవరిని అడగాలి?

సంపాదకుడు గారికి,

విశాఖ ఆసుపత్రుల గురించి వార్త వస్తే బెడ్లు, బిల్లులు, డాక్టర్లు. నర్సుల మాట వచ్చేది సమ్మె అప్పుడే. నేను స్టాఫ్ నర్సుని, జీతం సంగతి కాదు, వేరే విషయం రాస్తున్నాను.

మా వార్డులో ఒక పెద్దాయనకి క్యాన్సర్. ఆయనకి చెప్పొద్దని కొడుకులు పట్టుబట్టారు, డాక్టరు గారూ సరేనన్నారు. రాత్రి సెలైన్ మారుస్తుంటే ఆయన నా చెయ్యి పట్టుకుని, "నిజం చెప్పు తల్లీ, నాకేటయింది? పొలం కాయితాలు చూసుకోవాల" అన్నాడు. పొద్దున్న డాక్టరు గారిని అడగండి తాతా అనడం తప్ప నాకు వేరే దారి లేదు. పొద్దున్న రౌండ్స్‌లో కొడుకులు పక్కనే నిలబడి ఉంటే ఆయన నోరే తెరవలేదు.

కాలేజీలో మాకు, మనిషిలో మంచిచెడుల ఆలోచన ఎలా ఎదుగుతుందో మనస్తత్వ శాస్త్రవేత్త కోల్‌బర్గ్ చెప్పిన ఆరు మెట్లు బట్టీ పట్టించారు. శిక్షకి భయపడి మంచిగా ఉండడం మొదటి మెట్టు, చట్టాన్ని కూడా దాటి న్యాయం ఆలోచించడం చివరిది. ఆయన మొదటి పరిశోధన మగపిల్లల మీదే జరిగింది. ఆ లోటు ఎత్తిచూపుతూ, ఎదుటి మనిషికి ఎక్కడ నొప్పి తగులుతుందో ఆలోచించడం కింది మెట్టు కాదు, అదీ నీతే అని 1982లో మరో మనస్తత్వ శాస్త్రవేత్త కరోల్ గిల్లిగన్ వాదించారు. వార్డులో మాకు రెండూ కావాలి, తన జబ్బు తెలుసుకునే హక్కు పెద్దాయనది, కానీ ఆ కొడుకుల భయం కూడా అబద్ధం కాదు కదా. నాకు బాగా పనికొచ్చింది మాత్రం తత్వవేత్త ఆండ్రూ జేమ్‌టన్. ఏది సరైనదో తెలిసీ సంస్థ కట్టుబాట్ల వల్ల చేయలేక నర్సు పడే బాధకి 1984లోనే ఆయన మోరల్ డిస్ట్రెస్ (నైతిక వేదన) అని పేరు పెట్టారు. అంటే లోపం నర్సు ధైర్యంలో లేదు, ఆసుపత్రి పద్ధతిలో ఉంది.

మన దగ్గర ఎథిక్స్ కమిటీలు ఎక్కువగా మందుల ప్రయోగాలు, పరిశోధనలు చూడ్డానికే. కోలుకోలేని రోగికి వెంటిలేటర్ తీసే విషయం తేల్చడానికి సుప్రీంకోర్టు 2023లో సవరించిన మెడికల్ బోర్డుల్లోనూ అందరూ డాక్టర్లే. రాత్రంతా మంచం పక్కన ఉండేది మేమైతే మమ్మల్ని అడిగేవాళ్లు లేరు.

అందుకే అడుగుతున్నాను, ఇలాంటి చిక్కు వస్తే ఏ వేళప్పుడైనా నర్సు ఫోన్ చేసి మాట్లాడగలిగే ఒక మనిషి ప్రతి పెద్ద ఆసుపత్రిలో ఉండాలి, రోగుల విషయం చర్చించే కమిటీలో వార్డులో పనిచేసే నర్సు ఒకరు ఉండాలి, ప్రశ్న అడిగినందుకు మెమో ఇవ్వకూడదు. ఇక్కడి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్ ముందు మొదలుపెడితే ప్రైవేటు వాళ్లూ కదులుతారు. దీనికి కొత్త బిల్డింగ్ అక్కర్లేదు, నర్సింగ్ సూపరింటెండెంట్లూ డాక్టర్లూ ఒకసారి కూర్చుంటే చాలు.

ఒక స్టాఫ్ నర్సు, విశాఖపట్నం