పేను కొరకలేదు, తల్లీ

బంగారు తల్లీ,

నిన్న ఫోనులో నువ్వు అడిగిన మాట రాత్రంతా నన్ను నిద్రపోనివ్వలేదు. "నాకు రోగనిరోధక శక్తి తక్కువట కదమ్మా, అందుకే జుట్టు ఊడుతోందట కదా" అన్నావు. ఎవరో అన్న మాటను నువ్వు నమ్మేశావని నీ గొంతే చెప్పింది. అప్పటికప్పుడు సరిగా జవాబు చెప్పలేకపోయాను. అందుకే ఈ ఉత్తరం.

ముందు నా తప్పు ఒప్పుకోవాలి. నీకు జడ వేస్తుంటే కుడిచెవి వెనుక నా వేలికి నున్నగా తగిలిన రోజు గుర్తుందా? బొటనవేలి ముద్రంత మేర వెంట్రుకే లేదు. పొట్టు రాలడం లేదు, పుండు లేదు. పేనుకొరుకుడు అన్న మాట వెంటనే నోటికి వచ్చింది, ఆ మాట వెంటే పేల దువ్వెన చేతికి వచ్చింది. గంటసేపు దువ్వినా ఒక్క పేనూ దొరకలేదు. అయినా శుభ్రత లేదని నిన్ను కోప్పడ్డాను. నువ్వు ఎదురు చెప్పకుండా తల వంచుకుని కూర్చున్నావు. ఆ వంచిన తల తలచుకుంటే ఇప్పటికీ నా కడుపులో దేవినట్టు అవుతుంది. మనవాళ్లు పెట్టిన పేరే తప్పమ్మా. వైద్యులు అలోపేసియా ఏరియేటా అనే ఈ జబ్బుకు పేనుతో ఏ సంబంధమూ లేదు. మురికితో లేదు. ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. వందమందిలో దాదాపు ఇద్దరికి జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది.

ఇక నీ ప్రశ్న. నీ రోగనిరోధక శక్తి తక్కువేమీ కాదు. అది గట్టిగానే ఉంది, గురి మాత్రం తప్పింది.

ఒంట్లోని దాదాపు ప్రతి కణమూ తానెవరో తెలిపే గుర్తులను పైకి చూపిస్తూ ఉంటుంది. టి-కణాలు అనే కాపలావాళ్లు ఆ గుర్తులను తనిఖీ చేస్తూ తిరుగుతారు. పెరుగుతున్న వెంట్రుక కుదురుకు మాత్రం ఒక మినహాయింపు ఉంది. అది తన గుర్తులను దాదాపుగా దాచుకుని, కాపలావాళ్ల కంట పడకుండా పని చేసుకుంటుంది. కంటి లోపలి భాగాలకూ ఇలాంటి మినహాయింపే ఉంది. నీ తలలో కొన్నిచోట్ల ఆ చాటు తొలగిపోయింది. ఇంటర్ఫెరాన్ గామా అనే రసాయనం అందగానే కుదురు తన గుర్తులను బయటపెట్టేస్తుంది. వాటిని చూసి టి-కణాలు కమ్ముకుంటాయి. సూక్ష్మదర్శినిలో అది తేనెటీగలు ముసిరినట్టు ఉంటుందట. వచ్చిన టి-కణాలు మరింత ఇంటర్ఫెరాన్ వదులుతాయి, దానికి కుదురు మరో రసాయనంతో స్పందించి వాటినే ఇంకా రెచ్చగొడుతుంది. అలా మంట తనను తానే ఎగదోసుకుంటుంది. ఇంతకూ మొదట ఆ చాటు ఎందుకు తొలగింది? వంశపారంపర్యంగా వచ్చే జన్యువుల పాత్ర ఉంది. నువ్వు చేసిన పని, చేయని పని ఏదీ దీనికి కారణం కాదు.

డాక్టరమ్మ భూతద్దంలో చూపించిన వెంట్రుకలు గుర్తున్నాయా? మచ్చ అంచున పొట్టిగా, కొస లావుగా, మొదలు సన్నగా, అచ్చం ఆశ్చర్యార్థకంలా ఉన్నవి? కుదురు మీద దాడి జరుగుతోందనడానికి అవే ఆనవాలు. నీ గోళ్ల మీద సూదితో గుచ్చినట్టున్న సన్నని గుంటలూ ఈ జబ్బులో కనిపించేవే. ఇది ఉన్నవారిలో కొందరికి థైరాయిడ్ సమస్య కూడా ఉంటుంది కాబట్టే ఆమె ఆ పరీక్ష రాసింది.

అందుకే నీ స్నేహితురాలు ఇచ్చిన, రోగనిరోధక శక్తిని పెంచే పొడిని పక్కన పెట్టు. ఆ అమ్మాయి ప్రేమతోనే ఇచ్చింది, కాదనను. కానీ ఈ జబ్బులో కావలసింది ఆ దాడిని చల్లార్చడం. మచ్చలో వేసే స్టెరాయిడ్ సూది చేసే పని అదే. జబ్బు తీవ్రంగా ఉన్నవారికి ఇప్పుడు మాత్రలూ ఉన్నాయి. కణం లోపలికి ఆ రెచ్చగొట్టే సందేశాన్ని చేరవేసే జాక్ అనే ఎంజైములను అవి అడ్డుకుంటాయి. అమెరికాలో 2022లో పెద్దవాళ్లకు బారిసిటినిబ్‌ను, 2023లో పన్నెండేళ్లు దాటినవారికి రిట్లెసిటినిబ్‌ను అనుమతించారు. రెండు చిన్న మచ్చలున్న నీకు వాటి అవసరం లేదని డాక్టరమ్మ చెప్పింది.

నీ దగ్గర ఏదీ దాచను. జుట్టు తిరిగి వచ్చాక మళ్లీ ఊడవచ్చు, మరోచోట మచ్చ పడవచ్చు. అయితే దాడి జరిగేది కుదురు అడుగు భాగంలో. కొత్త వెంట్రుకను పుట్టించే మూలకణాలు దానికి కాస్త పైన, క్షేమంగా ఉంటాయి. అందుకే కుదురు చచ్చిపోదు. చిన్న మచ్చలతో ఆగినవారిలో చాలామందికి ఏడాదిలోపే జుట్టు వస్తుంది.

మొన్న నువ్వు పంపిన ఫొటోను పెద్దది చేసి ఎన్నిసార్లు చూశానో! మచ్చ నడుమ నూగులా నాలుగైదు తెల్ల వెంట్రుకలు. "నెరుస్తోందమ్మా" అని రాశావు. ఈ జబ్బు ఎక్కువగా రంగున్న వెంట్రుకల మీదికే పోతుంది, కోలుకునేటప్పుడు మొదట తెల్లవే రావడం మామూలు. రంగు సాధారణంగా తర్వాత వస్తుంది. వాటిని పీకకు తల్లీ. పెద్ద పళ్ల దువ్వెన ఒకటి తెచ్చి ఉంచాను. సెలవులకు రా, జడ నేనే వేస్తాను.

మీ అమ్మ