"నాకు ఇంకా తెలీదు" అని రాసిన పిల్లకి ఎర్ర ఇంకు ఎందుకు?

ఎడిటర్ గారికి నమస్కారం,

మాది సోంపేట దగ్గర ఒక పల్లె. పేపర్‌కి ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి, మాట్లాడినట్టే రాసేస్తున్నా, తప్పులుంటే సరిచేసి వెయ్యండి.

మా పాప ఎనిమిదో క్లాసు, టౌన్‌లో ప్రైవేటు స్కూలు. పోయిన నెల మోరల్ క్లాసులో "నాకు ఇష్టమైన దేవుడు" అని పది లైన్లు రాయమన్నారట. మా పాప రాసింది ఇది: "మా అమ్మమ్మకి అరసవల్లి సూర్యనారాయణ స్వామి అంటే ప్రాణం. పక్కింటి అత్త యేసుప్రభువుని నమ్ముతుంది. మా అమ్మ నమ్ముతుందో లేదో అడిగితే చెప్పదు. నాకు ఇంకా తెలీదు. పెద్దయ్యాక అన్నీ చదివి చెప్తాను." అయిదు లైన్లే. దానికి మేడమ్ పీరియడ్ అయ్యేదాకా నిలబెట్టీసి, డైరీలో ఎర్ర ఇంకుతో "పిల్లకి ఇంట్లో భక్తి, సంస్కారం నేర్పండి" అని రాసి, పేరెంట్ సంతకం తెమ్మన్నారు. పిల్ల ఇంటికొచ్చి అన్నం తినలేదు. "అమ్మా, నేను అబద్ధం రాయాల్సిందా" అని అడిగింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదండి.

అమ్మ అడిగితే చెప్పదు అని రాసిందే, ఎందుకు చెప్పనో ఇన్నాళ్లూ దానికి కూడా సరిగ్గా చెప్పలేదు, ఇక్కడ చెప్తాను. మా నాన్నకి కిడ్నీలు పోయాయి. మా ఉద్దానం ప్రాంతంలో ఈ మాట కొత్త కాదు, ఇక్కడ ఎవరైనా ఎదురుపడితే బాగున్నావా అని అడిగినట్టే క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా ఉన్నాయో చెప్పే రక్త పరీక్ష) ఎంతుంది అని అడుగుతారు. కొబ్బరి తోటలో రోజంతా పనిచేసే మనిషి, బీపీ లేదు, షుగర్ లేదు, ఉన్నట్టుండి కాళ్లు వాచాయి, టెస్ట్ చేయిస్తే అప్పటికే చేయి దాటిపోయింది. డయాలసిస్ రెండున్నరేళ్లు నడిచింది, వారానికి రెండు రోజులు, వెళ్లిన ప్రతిసారీ నాలుగేసి గంటలు. ఆ రెండున్నరేళ్లలో మేం మొక్కని దేవుడు లేడు. మా ఊరి అసిరితల్లికి మొక్కాం, పాతపట్నం నీలమణి దుర్గమ్మకి మొక్కాం, కళింగపట్నం దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టాం, పక్కింటి వదిన వాళ్ల పాస్టర్ గారిని తీసుకొస్తే ఆయన మంచం పక్కన మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థన చేస్తే మా అమ్మ కూడా కళ్లు మూసుకుని దండం పెట్టింది. నాన్న పోయారు. మా ఇంట్లో ఒక్కరే కాదు, ఆ వీధిలోనే ఇంకా పోయారు, వాళ్లూ మొక్కినవాళ్లే.

అప్పట్నుంచి నేను గుడికి వెళ్తే దండం పెడతాను గానీ లోపల ఏమీ అడగను. దేవుడు లేడు అనడానికి నాకు ధైర్యం లేదు, ఉన్నాడు అనడానికి మనసు రావట్లేదు. ఆ రోజుల్లో నాకు నిజంగా నమ్మకం కలిగించిన మనిషి ఒక చిన్న వయసు డాక్టరు. ఎందుకు వచ్చింది సార్ ఈ జబ్బు, నీళ్లా, పొలం మందులా అని అడిగితే ఆయన "తెలీదమ్మా, ఎంతోమంది చూస్తున్నారు, ఇదీ కారణం అని ఇంకా తేలలేదు" అన్నాడు. తెలీదు అని ఒప్పుకున్నాడు కాబట్టే ఆయన చెప్పిన మిగతా మాటలు నమ్మాను, ఉప్పు తగ్గించమంటే తగ్గించాం, నొప్పి మాత్రలు వాడొద్దంటే మానేశాం. 2023 డిసెంబర్‌లో పలాసలో కిడ్నీ హాస్పిటల్, రీసెర్చ్ సెంటర్ వచ్చాయి, ఆ రీసెర్చ్ అన్న మాటకి అర్థమే అది కదా, తెలీదు కాబట్టి వెతుకుతున్నారు. పెద్ద పెద్ద డాక్టర్లు తెలీదు అంటే తప్పు కానప్పుడు, పదమూడేళ్ల పిల్ల దేవుడి గురించి నాకు ఇంకా తెలీదు అని రాస్తే సంస్కారం లేనిది ఎలా అయిపోయిందండి?

నేను ఒకప్పుడు డీఎస్సీకి, గ్రూప్-2కి కూడా ప్రిపేర్ అయ్యాను, ఉద్యోగం రాలేదు గానీ చదివింది మాత్రం మర్చిపోలేదు. రాజ్యాంగంలో ఆర్టికల్ 28 ఉంది. పూర్తిగా గవర్నమెంటు డబ్బుతో నడిచే స్కూల్లో మత బోధన ఉండకూడదు. గవర్నమెంటు గుర్తింపు ఉన్న, లేదా ఎయిడ్ తీసుకునే మిగతా స్కూళ్లలో కూడా మత బోధనకైనా పూజకైనా పిల్లల్ని బలవంతంగా కూర్చోబెట్టకూడదు, మైనర్ అయితే ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోవాలి. వ్యాసం రాయించడం దీని కిందకి వస్తుందో రాదో లాయర్లు చెప్పాలి, నాకు తెలిసిందల్లా ఆ క్లాసులో ఏదో ఒక దేవుణ్ణి ఎంచుకోక తప్పని పరిస్థితి తెచ్చారని. ఇది ఒక్క మతం వాళ్ల గొడవ కూడా కాదు. మా ఆడపడుచు కొడుకు ఇంకో మతం వాళ్ల హాస్టల్లో చదువుకున్నాడు, రోజూ రాత్రి భోజనానికి ముందు మోకాళ్ల మీద ప్రార్థన, చెయ్యను అంటే చివరి వరసలో తినాలి. వాడు తొమ్మిదో క్లాసులోనే ఇంటికొచ్చీసాడు.

ఇదంతా చదివి నేను స్కూల్లోంచి మతం మొత్తం తీసెయ్యమంటున్నానని అనుకోవద్దు. అసలు తీసెయ్యకూడదు. డీఎస్సీకి విద్యా దృక్పథాలు అనే సబ్జెక్టులో చదువుకున్నాం, దేశంలో చదువుల మీద వేసిన 1964-66 కొఠారీ కమిషన్ మత విద్య వేరు, మతాల గురించిన విద్య వేరు అని చెప్పింది. 2002లో సుప్రీంకోర్టు కూడా మతాల గురించి చదువు చెప్పడం ఆర్టికల్ 28కి వ్యతిరేకం కాదు అంది. మరి ఆ చదువు ఎక్కడ చెప్తున్నారు? మా జిల్లా పిల్లలకి వంశధార ఒడ్డున శాలిహుండం కొండ మీద బౌద్ధ స్తూపాలున్నాయని ఎంతమందికి తెలుసు? దాన్ని 1919లో బయటపెట్టింది మన గిడుగు రామమూర్తి పంతులు గారే. ఆయనే సవర గిరిజనుల భాష నేర్చుకుని సవర పిల్లలకి వాళ్ల భాషలోనే చదువు చెప్పారు, ఈ రోజు సీతంపేట వైపు సవర పిల్లల ఇంటి దేవతల గురించి ఏ క్లాసులోనైనా ఒక్క ముక్క చెప్తారా? విజయనగరం పక్కన రామతీర్థంలో రాముడి గుడి ఉంది, ఆ దగ్గరి కొండల మీదే గురుభక్తకొండలో బౌద్ధుల ఆనవాళ్లు, దుర్గకొండలో జైనులవి ఉన్నాయి. అంటే ఈ నేల మీద మనుషులు ఒకే ప్రశ్న అడిగి రకరకాల జవాబులు వెతుక్కున్నారు. ఒక్క రోజు బస్సు కట్టించి పిల్లల్ని అక్కడికి తీసుకెళ్తే పదేళ్ల మోరల్ క్లాసు కన్నా ఎక్కువ నేర్చుకుంటారని నా నమ్మకం.

పోయినేడాది మార్చిలో మా అమ్మ పట్టుబడితే పాపని కూడా తీసుకుని అరసవల్లి వెళ్లాం. ఆమదాలవలసలో ట్రైన్ దిగి శ్రీకాకుళంలో చుట్టాలింట్లో పడుకుని తెల్లారకముందే లైన్లో నిలబడ్డాం. మార్చి 9, 10, మళ్లీ అక్టోబర్ 1, 2 తేదీల్లో పొద్దున్నే సూర్యకిరణాలు లోపలికి వచ్చి స్వామి పాదాల మీద పడతాయి, దానికోసం ఎక్కడెక్కడి జనమో వస్తారు. ఆ రోజు మబ్బు లేదు, కిరణాలు పడ్డాయి. మా అమ్మ ఏడ్చేసింది, నాన్న పోయాక ఆమె అలా మనసారా ఏడవడం నేను అప్పుడే చూశాను. బయటికొచ్చాక పాప అడిగింది, ఆ రెండుసార్లే ఎందుకు అని. డిసెంబర్ 21, 22కి సూర్యుడు దక్షిణం చివరికి వెళ్తాడు కదా, వెళ్లేటప్పుడు అక్టోబర్ మొదట్లో ఎక్కడ ఉదయిస్తాడో తిరిగొచ్చేటప్పుడు మార్చిలో మళ్లీ అక్కడే ఉదయిస్తాడు అని చెప్పాను. ట్రైన్‌లో ఫోన్ క్యాలెండర్ తీసి వేళ్లు మడిచి లెక్కపెట్టింది, అటు ఎనభై రోజులు, ఇటు ఎనభై రోజులు, ఇంచుమించు సరిపోయింది. ఆ సంతోషం దాని మొహంలో చూడాలి. "అమ్మమ్మా, గుడి కట్టినోళ్లకి ఈ లెక్క తెలుసే" అంది. మా అమ్మ ఏటందంటే, "తెలీకుండా కడతారేటే, ఆ బుర్ర ఇచ్చింది స్వామే" అంది. ఇద్దరూ నవ్వుకున్నారు. ఒకరిది నమ్మకం, ఒకరిది లెక్క, ఒకే సీట్లో కూర్చుని ఒకే అరటిపండు చెరిసగం తిన్నారు.

మా మేడమ్ ఆ రోజు వ్యాసాన్ని ఇలా చదివి ఉంటే బాగుండేది. ఎవరు నమ్ముతారు, ఎందుకు నమ్ముతారు, నువ్వింకా ఎందుకు తేల్చుకోలేదు అని క్లాసులో అందరినీ మాట్లాడించొచ్చు కదా. రాజ్యాంగంలో 51ఎ(హెచ్) ఉంది, 1976లో చేర్చారు, శాస్త్రీయ దృక్పథం, ప్రశ్నించి తెలుసుకునే గుణం పెంచుకోవడం పౌరుల బాధ్యత అని. పిల్లలు అది సోషల్‌లో బట్టీ పట్టి మార్కులు తెచ్చుకుంటారు, అదే గుణం పక్క పీరియడ్‌లో చూపిస్తే నిలబెడతారు.

దేవుడి భయం లేకపోతే పిల్లలు చెడిపోతారు అని స్కూల్లో హెచ్ఎం గారు నాతో అన్నారు. ఆయన మంచి మనసుతోనే అన్నారు, కానీ నేను ఒప్పుకోలేను. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫాను మా తోటలన్నీ పడగొట్టేసి రోజుల తరబడి కరెంటు లేనప్పుడు బయటి జిల్లాల నుంచి లైన్‌మెన్లు వచ్చి మా ఊళ్లో స్తంభాలు ఎత్తారు, ఎవరు ఏ దేవుడికి దండం పెట్టి పనిలో దిగారో మేం అడగలేదు, వాళ్లకి మేం గంజి కాచి ఇచ్చినప్పుడు వాళ్లూ అడగలేదు. మా పాప అప్పుడు చిన్నది, అదే ఒక్కొక్కరికీ గ్లాసు అందించింది. దానికి సంస్కారం అక్కడ వచ్చింది.

నేను అడిగేది చిన్న విషయం. ఆ డైరీలో రాసిన మాట కొట్టేసి, క్లాసులో అందరి ముందూ నిలబెట్టినందుకు అందరి ముందే ఆ పిల్లతో ఒక మంచి మాట మాట్లాడమన్నాను. చూద్దాం అన్నారు. మూడు వారాలైంది. నేనింకా సంతకం పెట్టలేదు, పాప రోజూ డైరీ బ్యాగులో పెట్టుకుని వెళ్తోంది, సాయంత్రం రాగానే తీసి చూపిస్తోంది.

ఇట్లు,
ఒక అమ్మ,
సోంపేట మండలం, శ్రీకాకుళం జిల్లా