మాస్టారి కాలి కింది బ్రేకు

కావలి,
కార్తీక పౌర్ణమి వెళ్లిన మూడో రోజు.

చిరంజీవి అమ్ములుకు అమ్మ ఆశీర్వదించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. నీ క్షేమం నీ నోటితో విని పన్నెండు రోజులయింది.

రెండు రోజులుగా ఎడతెరిపి లేని వాన. పెరట్లో మునగకొమ్మ విరిగి మన తెల్ల బండి మీద పడింది. బానెట్ మీద చిన్న సొట్ట తప్ప మరేమీ కాలేదు. ఆ సొట్టను తడిమి చూస్తున్నప్పుడు, బండికి తగిలిన దెబ్బ ఇంత స్పష్టంగా కనిపిస్తోంది గానీ, బెంగళూరులో ఉన్న నా పిల్లకు ఏం తగిలిందో నాకెలా కనిపిస్తుందని దిగులేసింది.

మొన్న సుజాత పిన్ని కొడుకు వచ్చాడు. నువ్వు ఆరు రోజులకే డ్రైవింగ్ స్కూలు మానేశావనీ, ఇప్పుడు నీ స్నేహితురాలి కొత్త బండి మీద నేర్చుకుంటున్నావనీ, ఆ బండిని సెల్లార్‌లో స్తంభానికి తగిలించావనీ మాటల మధ్య చెప్పాడు. చెయ్యి గురించి ఏదో అనబోయి మింగేశాడు. నేను రెట్టించి అడిగితే వాన పెరిగేలోపు వెళ్లాలంటూ లేచాడు. రెండు ఆదివారాలుగా నువ్వు వీడియోలో కనిపించకపోవడానికి కారణం అదేనా?

నిన్ను మందలించడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. నేర్చుకునే బండి గురించి నాకు తెలిసిన నాలుగు మాటలు చెప్పాలని మాత్రమే కూర్చున్నాను.

స్కూలు బండి పాతదనీ, క్లచ్ గట్టిగా ఉందనీ, నలుగురిని ఒకేసారి ఎక్కించుకుని తిప్పుతున్నారనీ నువ్వు విసిగిపోయావట. నలుగురిని ఎక్కించుకుని ఒక్కొక్కరికి పది నిమిషాలు ఇస్తే అది అన్యాయమే. గట్టిగా అడుగు, వినకపోతే వేరే స్కూలులో చేరు. బండి పాతదన్న ఫిర్యాదు మాత్రం నేను ఒప్పుకోను. నాలుగు వైపులా గీతలు పడిన బండికి ఐదో గీత పడితే ఎవరి గుండె ఆగదు, కాబట్టి నీ కళ్లు రోడ్డు మీదే ఉంటాయి. స్నేహితురాలి కొత్త బండిలో సగం మనసు ఆ రంగు మీదే ఉంటుంది. ఆ భయంతోనే స్తంభం దగ్గర చెయ్యి తడబడి ఉంటుందని నాకు అనిపిస్తోంది.

పైగా అది ఆటోమేటిక్ అట. గేర్ల బండిలో క్లచ్ తప్పుగా వదిలితే ఇంజిన్ ఆగిపోతుంది. వెనకవాళ్లు హారన్ కొడతారు, మనకు చిన్నతనంగా ఉంటుంది, కానీ ఆ ఆగిపోవడమే నేర్చుకునే మనిషికి పెద్ద రక్ష. ఆటోమేటిక్ బండి అలా ఆగిపోదు, బ్రేకు మీంచి కాలు తీస్తే చాలు, తనంతట తానే ముందుకు పాకుతుంది. కంగారులో బ్రేకు అనుకుని పక్కదాన్ని తొక్కితే చెప్పనక్కర్లేదు. అన్నిటికన్నా ముఖ్యంగా, స్కూలు బండిలో మాస్టారికి ఉన్నట్టు నీ స్నేహితురాలి కాలి దగ్గర రెండో బ్రేకు లేదు.

ఆ రెండో బ్రేకు విలువ నాకెలా తెలిసిందో నీకెప్పుడూ చెప్పలేదు. 1998లో మీ నాన్నకు విజయవాడ బదిలీ అయింది. మీ తాతయ్యను నెలకు రెండుసార్లు నెల్లూరు ఆసుపత్రికి తీసుకువెళ్లాలి. బండి వాకిట్లోనే ఉంది గానీ నడిపే మనిషి లేడు. రోజూ తెల్లవారుజామునే నీళ్లు పట్టి, మీ తాతయ్యకు కాఫీ ఇచ్చి, ఆరింటికల్లా జవహర్ భారతి మైదానం దగ్గర నిలబడేదాన్ని. స్కూలు వాళ్లది లేత నీలం మారుతి 800. ఆ రోజుల్లో ఊళ్లో ఎవరు కారు నేర్చుకున్నా ఎక్కువగా ఆ బండి మీదే. 1983లో వచ్చి 2014 దాకా తయారైన ఆ చిన్న బండి ఎంతమంది ఆడవాళ్లకు స్టీరింగ్ అందించిందో లెక్క లేదు. నా పొట్టితనానికి వీపు వెనక ఒక దిండు ఉండేది. మాస్టారి వైపు నుంచి డాష్‌బోర్డు కింద ఒక ఇనుప కడ్డీ అడ్డంగా వచ్చి మన క్లచ్‌కూ బ్రేకుకూ కలిసేది. ఆయన అటు తొక్కితే ఇటు మన పెడల్ దానంతట అదే దిగేది. ఆయన బ్రేకు మీది రబ్బరు అరిగిపోయి, మధ్యలో ఇనుము రూపాయి బిళ్లంత మెరుస్తూ కనిపించేది.

తొమ్మిదో రోజున ఉదయగిరి రోడ్డు మీద మంచులో గేదెల మంద దాటుతోంది. అన్నీ దాటాయనుకుని నేను ముందుకు పోనిస్తే, వెనకబడిన దూడ ఒకటి పరుగెత్తుకుంటూ అడ్డం వచ్చింది. దానికి మూరెడు దూరంలో బండి ఆగింది. నేనే ఆపాననుకున్నాను. ఇంటికి రాగానే మీ తాతయ్యకు చెప్పాను, సాయంత్రం ఎస్టీడీ బూత్‌కు వెళ్లి మీ నాన్నకు చెప్పాను. ఆ ధైర్యంతో మూడు రోజులు బండిని కాస్త వేగంగానే నడిపాను. పన్నెండో రోజున మాస్టారు బండి పక్కకు తీయించి, "అమ్మా, ఆ దూడ దగ్గర బ్రేకు మీరు వేయలేదు. ఇంజిన్ అంత రొద ఎందుకు చేసిందనుకున్నారు? మీ కాలు ఇంకా యాక్సిలరేటర్ మీదే ఉంది," అన్నారు.

నాకు ఒళ్లు చల్లబడింది. మీ తాతయ్యను వెనక సీట్లో కూర్చోబెట్టుకుని, పక్కన మాస్టారు లేకుండా, లారీల మధ్య నెల్లూరు వెళ్లాల్సిన మనిషిని నేను. మరునాడు ఆయనతో, "మీరు బ్రేకు తొక్కిన ప్రతిసారీ నాకు తెలిసేలా డాష్‌బోర్డు మీద ఒకసారి తట్టండి," అన్నాను. ఆయన తట్టినప్పుడల్లా మనసులో లెక్కపెట్టుకుని, ఇంటికి వచ్చి పాల లెక్క రాసే క్యాలెండరు మీద ఆ అంకె వేసేదాన్ని. మొదటి రోజు పదకొండు. తర్వాత ఏడు, నాలుగు. పద్దెనిమిదో రోజున ఒకటికి వచ్చింది. సంత రోజున మళ్లీ ఐదయింది. ఇరవై ఒకటో రోజున కూడా రెండు తట్లు పడ్డాయి. అందుకని మరో పది రోజులకు డబ్బు కట్టాను. వరుసగా నాలుగు రోజులు సున్నా వచ్చాకే లైసెన్సు పరీక్షకు బ్రేక్ ఇన్‌స్పెక్టరు ముందుకు వెళ్లాను. ఆ క్యాలెండరు కాగితం ఇప్పటికీ బీరువాలో మీ తాతయ్య మందుల చీటీల దగ్గరే ఉంది.

కాబట్టి ఆరు రోజులు సరిపోవు, అమ్ములూ. కారు నేర్పే స్కూలు 21 రోజులకు తగ్గకుండా నేర్పాలనీ, అందులో చేత్తో నడిపిన సమయం 10 గంటలకు తగ్గకూడదనీ 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. ఎల్ఎల్ఆర్‌కు, అంటే నేర్చుకునేవాళ్లకిచ్చే లైసెన్సుకు, ఆరు నెలల గడువుంది, తొందరేమిటి? పక్కన లైసెన్సున్న మనిషి, బండిని ఆపగలిగే వీలుతో కూర్చుని ఉండాలని కూడా ఆ నిబంధనలే చెబుతున్నాయి. ఆ రోజు సెల్లార్‌లో నీ పక్కన ఎవరైనా ఉన్నారా? ముందూ వెనకా ఎల్ బోర్డు ఉందా? లేకపోతే ఇన్సూరెన్సు వాళ్లు పేచీ పెడతారు. అందుకని ఆ బండి బాగుచేయించే ఖర్చు ఎంతయినా ఆ అమ్మాయి చేతిలో మనమే పెట్టాలి. ఎంతో చెప్పు, నా ఖాతా నుంచి పంపిస్తాను, మీ నాన్నకు నేను చెప్పుకుంటాను.

మళ్లీ స్కూలులో చేరు. నీ మాస్టారిని కూడా తట్టమని అడుగు, ఏ రోజు అంకె ఆ రోజు నాకు పంపు. మడమ ఎత్తు చెప్పులతో బండి ఎక్కకు, చున్నీ గేరు రాడ్డుకు చుట్టుకోకుండా ముడి వేసుకో, ఖాళీ కడుపుతో వెళ్లకు. రేపు రాత్రి బస్సులో పార్సిల్ వేస్తున్నాను. అందులో నిమ్మకాయ ఊరగాయ, మలైకాజా, వీపు వెనక పెట్టుకోవడానికి నేను కుట్టిన దిండు, రెండు ఎల్ బోర్డులు ఉన్నాయి. బోర్డులు నేనే కొలిచి కోశాను. నిబంధనలో చెప్పినట్టే 18 సెంటీమీటర్ల చదరం తెల్ల పలక, మీద ఎర్ర అక్షరం. చెయ్యి బెణికి ఉంటే పార్సిల్ బరువు నువ్వు మోయకు, వాచ్‌మన్‌తో తెప్పించుకో.

నువ్వు రమ్మంటే బుజ్జి మామయ్యకు ఇల్లు అప్పగించి పది రోజులు వచ్చి ఉంటాను. వెనక సీట్లో కూర్చుంటాను, ఏమీ మాట్లాడను.

ఈ ఆదివారం ఫోను వీడియోలోనే చెయ్యి. రెండు చేతులూ కనిపించేలా కూర్చో.

ఆశీస్సులతో,
అమ్మ