డ్రెస్సింగ్ గదిలోని సిస్టర్ గారికి

ఈ రోజు నా పొట్ట గాయం మీది వాక్యూమ్ డ్రెస్సింగ్ యంత్రం తీసేశారు. ఇంకా నిటారుగా నిలబడలేను, పడుకునే రాస్తున్నాను. అక్షర దోషాలుంటే మన్నించండి. రేపు రాద్దామనుకుంటే ఈ మాటలు ఇలా రావు.

కాన్పుల తర్వాత పొట్ట కండరాలు ఎడమై, చర్మం వేలాడి ఏళ్లపాటు ఇబ్బందిపడి, టమ్మీ టక్ (వేలాడే చర్మం తీసేసి పొట్ట బిగించే ఆపరేషన్) చేయించుకున్నాను. మొదట బాగానే ఉంది. లోపల చేరే నీరు, రక్తం బయటికి పోవడానికి పెట్టిన డ్రెయిన్ గొట్టాలు తీశాక కోత నడిమధ్యన చర్మం అంచు నల్లబడింది, ఆ తర్వాత కుట్లు విడిపోయాయి, చీము పట్టింది. చర్మాన్ని కిందికి లాగి కుట్టే ఈ ఆపరేషన్‌లో రక్తం అన్నిటికంటే తక్కువగా అందేది ఆ మధ్య అంచుకేనట. పొగ తాగేవారికీ, మధుమేహం ఉన్నవారికీ ముప్పు ఎక్కువ. నాకు ఆ రెండూ లేవు. అయినా వచ్చింది.

అప్పటికి ఎక్కడికి వెళ్లినా మొదట అడిగేది ఒకటే: "బాగానే ఉన్నారు కదా, ఇదెందుకు చేయించుకున్నారు?" గాయాల విభాగంలోని ఆ సిస్టర్ గారు మాత్రం అడగలేదు. (పేరు రాయవద్దన్నారు.) నా కాగితాలు చదివి, "నొప్పి మాత్ర వేసుకుని ఎంతసేపయింది?" అన్నారు. వేసుకోలేదన్నాను. "అయితే వేసుకోండి, అది పనిచేసేదాకా ఆగుతాను" అన్నారు. బయట అంతమంది ఎదురుచూస్తున్నా ఆగారు. అంతకుముందు మరోచోట, ఎండి అతుక్కున్న గాజుగుడ్డను ఒక్క లాగున పీకేవారు. ఈవిడ గోరువెచ్చని సెలైన్ పోసి, నాననిచ్చి, అంచుల నుంచి కొంచెం కొంచెంగా తీశారు. నొప్పి లేకుండా గుడ్డ ఊడివచ్చేసరికి నాకు ఏడుపు ఆగలేదు.

గాయం వాసనకు సిగ్గుపడి మొహం తిప్పుకుంటే, "ఇది చచ్చిపోయిన కొవ్వు వాసనమ్మా, మీ వాసన కాదు" అన్నారు. ఆ మాటకు నేనెంత రుణపడ్డానో ఆవిడకు తెలియదు. ప్రతిసారీ పుల్లతో లోతు కొలిచి, అంకె నాకు చూపించి రాసుకునేవారు. పసుపు పొర తగ్గాలనీ, ఎర్రగా గింజలు గింజలుగా కనిపించేదే కొత్త కండ అనీ నేర్పారు. మళ్లీ కుట్టేయవచ్చు కదా అని బతిమాలితే, పైన మూసేస్తే చీము లోపలే చిక్కుకుంటుందనీ, గొయ్యి పూడ్చినట్టు అడుగు నుంచే నిండాలనీ ఓపికగా చెప్పారు. స్పాంజి పెట్టి, పైన అంటుకునే పొర వేసి, యంత్రంతో గాలి లాగుతూ, రెండుమూడు రోజులకోసారి మార్చే ఆ డ్రెస్సింగ్ అంటే మొదట వణికిపోయాను. ఆవిడ చేతిలో అయితే కళ్లు మూసుకుని పడుకోగలిగాను.

ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. నాకు ఆపరేషన్ చేసినచోట, అంతకుముందు మొదటి రింగుకే ఫోను ఎత్తినవారు, కుట్లు విడిపోయాక ఎత్తలేదు. ఎత్తినరోజు "కొందరికి ఆలస్యంగా మానుతుంది" అని పెట్టేశారు. జ్వరంతో అత్యవసర విభాగానికి వెళితే "ఎక్కడ చేయించుకున్నారో అక్కడికే వెళ్లండి" అన్నారు. అందం కోసం చేయించుకున్నది కాబట్టి దానివల్ల వచ్చిన ఇన్ఫెక్షన్‌కూ వర్తించదని బీమావాళ్లు తేల్చేశారు. ముందుగా సంతకం పెట్టించుకునే కాగితంలో, గాయం విడిపోతే ఎవరు చూస్తారో, ఆ ఖర్చు ఎవరిదో స్పష్టంగా రాసి ఉండాలి. ఈ ఆపరేషన్ ఆలోచిస్తున్నవారు దయచేసి ఆ రెండూ రాతపూర్వకంగా అడిగి తీసుకోండి.

మావారు, అమ్మ, చెల్లి రాత్రింబవళ్లు నా పక్కనే ఉన్నారు. వాళ్లకు వేరే చెప్పాలా.

మరిచాను, సూది గుచ్చడానికి నరం దొరక్కపోతే విసుక్కోకుండా రెండో చెయ్యి వెతికిన ల్యాబ్ అబ్బాయికి కృతజ్ఞతలు. పిల్లల్ని బడి నుంచి తెచ్చిన పక్కింటి అక్కకూ. నా పని తన మీద వేసుకున్న సహోద్యోగికీ. గతుకుల దగ్గర నేను అడగకముందే వేగం తగ్గించిన కారు డ్రైవర్‌కు కూడా, ఆయన పేరు కనుక్కోలేదు. అయ్యో, పక్క మంచం పెద్దావిడ! నా గంట పనిచేయనప్పుడల్లా తన గంట నొక్కి నర్సును పిలిచారు. ఆవిడ ఇంకా అక్కడే ఉన్నారు, త్వరగా ఇంటికి చేరాలి.