గేర్లు విప్పేసిన సైకిలు గురించి మా కస్టమర్లకు

నమస్కారం.

దుకాణంలో గోడకు ఆనించి ఉన్న నల్ల సైకిలు అమ్మకానికేనా అని చాలామంది అడుగుతున్నారు. కాదు, అది నాది. వెనక చక్రానికి ఒకే పళ్ళచక్రం ఉండటం చూసి మరమ్మతు సగంలో ఆగిందేమో అనుకున్నవాళ్ళూ ఉన్నారు. పని పూర్తయింది. కొండదారుల్లో తొక్కడానికి గేర్లన్నీ విప్పేసి కట్టుకున్న సింగిల్ స్పీడ్ సైకిలు అది. మాకూ ఇలా మార్చి ఇస్తారా అని అడిగినవాళ్ళకు ఇన్నాళ్ళూ చూద్దాం, చేద్దాం అంటూ వచ్చాను. నేను తొక్కి చూడని సరుకును మీకు అంటగట్టడం నాకు నచ్చదు. ఇప్పుడు అనంతగిరి కొండల్లో తొక్కి వచ్చాను కాబట్టి జవాబు చెబుతున్నాను. మార్చి ఇస్తాం. అయితే అడిగిన ప్రతివారికీ ఇవ్వం.

ముందుగా మా పెద్ద మెకానిక్ సంగతి. మేమంతా చాచా అని పిలుస్తాం. మా నాన్నగారు గంటల లెక్కన సైకిళ్ళు అద్దెకిచ్చిన రోజుల నుంచి ఉన్నారు. నేను పానా తీసుకుని గేర్లు విప్పుతుంటే చాలాసేపు ఊరుకుని, "నిన్నటిదాకా ఇవి బిగించడానికి డబ్బు తీసుకున్నాం. ఇక విప్పడానికి కూడా తీసుకుందామా బాబూ?" అన్నారు. ఆయన లెక్కలో గేర్లు లేనిది పాలవాళ్ళ సైకిలు. దానికి కొండలతో పనేమిటి?

చూడటానికి రెండూ ఒకటే, పళ్ళ లెక్కలోనే ఉంది తేడా. పాలడబ్బాలు మోసే పెద్ద సైకిలుకు సాధారణంగా ముందు, అంటే పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రానికి 44 పళ్ళు, వెనక చక్రం దానికి 18 ఉంటాయి. పెడలు ఒక చుట్టు తిరిగితే బండి దాదాపు ఐదున్నర మీటర్లు పోతుంది. చదును రోడ్డు మీద హాయి, గుట్ట ఎదురైతే దిగి నెట్టడమే. నా సైకిలుకు ముందు 32, వెనక 20. చక్రం 29 అంగుళాలది. ఒక చుట్టుకు మూడు మీటర్ల డెబ్బై సెంటీమీటర్ల దగ్గర ఆగుతుంది. దూరం తగ్గిన మేరకు కాలి మీద భారమూ తగ్గింది. కాళ్ళలో సత్తువ ఉన్నవాళ్ళు వెనక 18 వేసుకుంటారు, అప్పుడు చుట్టుకు నాలుగు మీటర్లు దాటుతుంది. పాత 26 అంగుళాల చక్రాలున్న రోజుల్లో ముందు 32, వెనక 16 అనేది అందరూ మొదలుపెట్టే కొలత. ఇప్పటి పెద్ద చక్రానికి అది బరువవుతుంది.

కొండల్లో సైకిలు తొక్కే ఆటే ఒక్క గేరుతో మొదలైందని చాచాకు చెప్పాను. 1976లో కాలిఫోర్నియాలోని మారిన్ కౌంటీలో కొందరు కుర్రాళ్ళు లావు టైర్ల పాత ష్విన్ కంపెనీ సైకిళ్ళతో మట్టిదారిలో కిందికి పందేలు వేసుకునేవారు. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులు వాటివి. కొండ దిగేసరికి హబ్బులోని, అంటే చక్రం నడిమి భాగంలోని గ్రీజు పొగలు కక్కి కాలిపోయేది, మళ్ళీ విప్పి నింపుకోవాల్సి వచ్చేది. గ్రీజు మాట వినగానే చాచా మెత్తబడ్డారు. ఎక్కేటప్పుడు వాళ్ళు చాలాసార్లు ట్రక్కులో వేసుకుపోయేవారన్న సంగతి మాత్రం నేను ఎత్తలేదు.

ఇక తొక్కిన ముచ్చట. వికారాబాద్ దాటగానే మొదలయ్యే ఈ కొండలు మూసీ పుట్టిన చోటు. ఎర్రమట్టి దారి, వాన కడిగేసిన చోటల్లా చిన్న ఎర్రరాళ్ళు గోలీల్లా పరుచుకుని ఉంటాయి. గేర్ల సైకిలు మీద ఇక్కడ నేను చేసేది ఒకటే. ఎక్కుడు కనిపించగానే అన్నిటికంటే తేలిక గేరు వేసి, సీటు మీంచి కదలకుండా పెడళ్ళు తిప్పుకుంటూ నత్తనడకన పోవడం. ఒక్క గేరుతో ఆ పప్పులు ఉడకవు. ఎక్కుడు రాకముందే వేగం కూడగట్టుకోవాలి, ఆ వేగం సగానికి పడేలోగా సీటు మీంచి లేవాలి. లేచి మరీ ముందుకు వాలితే వెనక చక్రం మీద బరువు తగ్గి అది రాళ్ళ మీద ఉత్తినే తిరుగుతుంది. వెనక్కి జరిగితే ముందు చక్రం నేల వదిలేస్తుంది. ఈ రెండింటికీ మధ్య చోటు దొరకాలి: నడుము సీటు కొసకు కాస్త పైన, మోచేతులు వంచి, ఛాతీ కిందికి. కుడికాలు తొక్కుతున్నప్పుడు కుడిచేత్తో హ్యాండిలును మన వైపు లాగాలి. అందుకే మర్నాడు నాకు తొడలకంటే భుజాలే ఎక్కువ నొప్పి పెట్టాయి.

ఒక చోట మాత్రం ఊపిరి బిగపట్టాల్సి వచ్చింది. రెండు పెడళ్ళూ ఒకటి నిట్టనిలువుగా పైన, ఒకటి కింద ఉన్న క్షణంలో బలం ఎటూ పనిచేయదు, సైకిలు దాదాపు నిలిచిపోతుంది. ఆ అర క్షణంలో కాలు కిందపెట్టారో, అంతే సంగతులు. ఆ ఎక్కుడు మీద మళ్ళీ కదలడం అసాధ్యం. పెట్టకుండా బరువంతా పైపెడలు మీద వేసి నిలబడితే చైను కిర్రుమంది, టైరు కింద నుంచి రాయొకటి పక్కకు జారింది, చక్రం ఇంకో మూరెడు ముందుకు పోయింది. మళ్ళీ అదే. తప్పకుండా దిగి నెడతాననుకున్న ఎక్కుడు అది. దిగకుండా ఎక్కాను, పైగా గేర్ల సైకిలుతో ఎక్కేదానికంటే త్వరగా ఎక్కాను. నెమ్మదిగా ఎక్కే వీలే లేదు మరి! నెట్టుకుంటూ ఎక్కినవీ ఉన్నాయి. ఈ సైకిలుతో అది ఆటలో భాగమే.

దిగుడు గురించి చెప్పడానికి పెద్దగా లేదు. చైను ఫ్రేముకు కొట్టుకునే టకటక ఉండదు. ఆ నిశ్శబ్దం నాకు బాగా నచ్చింది.

అసలు నరకం చదును తారురోడ్డు. నిమిషానికి 90 చుట్లు తొక్కినా నా సైకిలు గంటకు 20 కిలోమీటర్లు దాటదు. అంతకంటే వేగంగా తిప్పితే సీటు మీద ఎగిరెగిరి పడటమే తప్ప ముందుకు పోయేది తక్కువ. కొండ దిగి రోడ్డెక్కాక మా గుంపులోని గేర్లవాళ్ళు కబుర్లాడుకుంటూ సాగిపోయారు. నేను వెనకే పడ్డాను. కాబట్టి నా అభిప్రాయం తేలిపోయింది. ఈ సైకిలును కొండ దాకా కారులో తీసుకెళ్ళండి. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ కప్పు సైకిల్ ట్రాకు మీదే మీ ఆదివారాలు గడుస్తుంటే, దయచేసి గేర్లు ఉంచుకోండి.

మార్పిడి పనిలో ఏముంటుందో కూడా చెబుతాను, డబ్బు దేనికి ఇస్తున్నారో మీకు తెలియాలి కదా. వెనక క్యాసెట్టు, అంటే గేర్ల పళ్ళచక్రాల గుత్తి తీసేసి, ఒకే పళ్ళచక్రం పెట్టి, మిగిలిన ఖాళీని స్పేసర్లనే రింగులతో నింపుతాం. పాత క్యాసెట్టులోంచి ఒక పళ్ళచక్రం ఊడదీసి అదే పెట్టేస్తే చవక కదా అని అడుగుతారు. చైను ఒక చక్రం మీంచి ఇంకో చక్రం మీదికి దూకడానికి వీలుగా ఆ పళ్ళను పొట్టిగా, ఏటవాలుగా చెక్కుతారు. మీరు లేచి నిలబడి తొక్కినప్పుడు కూడా చైను అలాగే దూకుతుంది, మీ మోకాలు వెళ్ళి హ్యాండిలుకు తగులుతుంది. అందుకని పూర్తి ఎత్తు పళ్ళున్నదే వేస్తాం. దాని అడుగుభాగం వెడల్పుగా ఉండాలి, లేకపోతే అల్యూమినియం హబ్బును కోసేస్తుంది. తర్వాత చైన్‌వీలూ (పెడళ్ళ దగ్గరి పళ్ళచక్రం) వెనక పళ్ళచక్రమూ ఒకే గీతలో ఉండేలా స్పేసర్లు అటూ ఇటూ మార్చుకుంటూ పోవాలి. ఎక్కువ సేపు పట్టేది ఇక్కడే.

చైను బిగువు ఇంకో తలనొప్పి. ఇరుసు కూర్చునే గాడి వెనక్కి జరపడానికి వీలున్నదైతే చక్రాన్ని లాగి బిగిస్తే సరి. ఇప్పుడు వచ్చే ఫ్రేముల్లో ఎక్కువ వాటికి గాడి నిలువుగా ఉంటుంది, వాటికి స్ప్రింగుతో చైనును పట్టి ఉంచే టెన్షనర్ పెట్టాల్సిందే. గాడి జరిగే ఫ్రేముల్లో కూడా ఒక తిరకాసు ఉంది. పెడళ్ళు తిప్పుతూ చూడండి, చైను ఒకచోట బిగిసి, ఇంకోచోట సడలుతుంది. చైన్‌వీలు కచ్చితంగా మధ్యలో కూర్చోకపోవడం వల్ల అలా అవుతుంది. దాని బోల్టులు కొంచెం వదులు చేసి, బిగిసిన చోట చైనును మెల్లగా తట్టి, మళ్ళీ బిగించుకుంటూ పోవాలి. ఇది అమెరికా మెకానిక్ షెల్డన్ బ్రౌన్ అందరికీ నేర్పిన పద్ధతి. ఆయన 2008లో పోయారు, ఇప్పటికీ మా బెంచీ మీద ఆయన మాటే చెల్లుతుంది. చాచా మాత్రం ఇది తను అద్దె సైకిళ్ళకు చిన్న సుత్తితో ముప్పై ఏళ్ళు చేసిన పనేనని అంటారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు.

లాభం సంగతి దాచను. వానాకాలంలో మాకు వచ్చే పని చాలావరకు గేర్లదే. చేవెళ్ల దారిలో నల్లరేగడిలోకి దిగిన సైకిళ్ళు మట్టి కరిచిన డిరైలర్లతో (చైనును ఒక గేరు నుంచి ఇంకో గేరుకు జరిపేవి), వాటిని ఫ్రేముకు పట్టి ఉంచే హ్యాంగర్లు వంగిపోయి వస్తాయి. మీలో పదిమంది గేర్లు తీసేయించుకుంటే ఆ మేరకు నా రాబడి తగ్గుతుంది. మార్పిడికి ఒకసారి తీసుకునే కూలి దాన్ని పూడ్చదు. అయినా చేస్తున్నాను, ఎందుకంటే అడుగుతున్నవాళ్ళు పాతవాళ్ళు, ఇక్కడ కాకపోతే ఇంకెక్కడో చేయించుకుంటారు, సరిగ్గా చేయకపోతే పళ్ళూడగొట్టుకుంటారు. తయారైన సింగిల్ స్పీడ్ మౌంటెన్ సైకిళ్ళు తెప్పించి అమ్మే ఉద్దేశం మాత్రం లేదు. తెప్పించడానికి పెట్టిన డబ్బు నెలల తరబడి గోడకు వేలాడుతుంది, దుకాణం అద్దె మాత్రం నెలనెలా కట్టాలి.

ఎవరికి చేయమో చెప్పేస్తాను. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకు చేయం. ఎక్కుడు మీద లేచి నిలబడి తొక్కేటప్పుడు మోకాలి మీద పడే బలం మామూలుది కాదు, డాక్టరు సరేనన్నారని మీరు చెప్పినా నేను ఒకటికి రెండుసార్లు అడుగుతాను. రోజూ ఆఫీసుకు అదే సైకిలు మీద పోయేవాళ్ళకు వద్దు. వెనక కూడా సస్పెన్షన్, అంటే కుదుపులు ఆపే స్ప్రింగు ఉన్న సైకిళ్ళు తీసుకోం. గుంతలో పడ్డప్పుడల్లా వాటిలో చైను పొడవు మారుతుంది, దాంతో వేగడం మా వల్ల కాదు. ఎదిగే పిల్లలకైతే ససేమిరా.

మిగిలినవాళ్ళు ముందు నా నల్ల సైకిలు తీసుకెళ్ళండి. శనివారం సాయంత్రం ఇస్తాం, సోమవారం పొద్దున తెచ్చివ్వండి. అద్దె లేదు, ఆధార్ కాపీ ఒకటి చాలు. ఒకే ఒక షరతు, కొండ మీదే తొక్కాలి. రోడ్డు మీద తొక్కి బాగా లేదని చెబితే ఒప్పుకోను. సీటు ఎత్తు మీకు సరిపోయేలా చాచా మారుస్తారు, హ్యాండిలు జోలికి వెళ్ళకండి. తిరిగొచ్చాక కూడా కావాలనిపిస్తేనే మీ సైకిలు బెంచీ ఎక్కుతుంది.

విప్పిన క్యాసెట్టు, డిరైలర్, గేరు మీట, కేబుళ్ళు అన్నీ కలిపి దాదాపు కిలో ఉంటాయి. వాటిని తుడిచి, నూనె రాసి, సంచిలో కట్టి మీకే ఇచ్చేస్తాం. పాతసామాన్లవాళ్ళకు వేయకండి. ఆరు నెలల్లోపు మనసు మారితే తిరిగి బిగించడానికి కూలి తీసుకోం, కేబుల్ ఖరీదు మాత్రం మీదే.